పులుపత్త గరిటె

వెనిగర్ చేసే మా మేనత్తను వీధంతా పులుపత్త అంటుంది. ఆవిడ సీసా మూత తీస్తే మూడు వీధుల అవతల పిల్లి తుమ్ముతుంది. నమ్మరేం? ఆ తుమ్ము నేను విన్నాను. చదువు మధ్యలో మానేసినవాడి చెవులు ఖాళీగా ఉంటాయి మరి.

వెనిగర్ కావాలంటే ముందు పండ్లరసాన్ని తొట్లలో పొంగించాలి. పొంగించేది ఈస్టు. తన అత్తగారి నాటి ఈస్టునే ఆవిడ ఇన్నేళ్లూ బతికించుకుంటూ వచ్చింది. ఏ తొట్టి మందగించినా, జోరుగా పొంగుతున్న దాంట్లోంచి గరిటెడు నురుగు తీసి అందులో వేసేది. అదే మందు.

ఈసారి కిటికీ పక్క తొట్టి నీరసపడింది. తలుపు దగ్గరది బుసబుసా పొంగుతోంది. గరిటెడు వేసింది. తెల్లారేసరికి కిటికీ పక్కది చప్పబడిపోయింది. దాని పక్కదీ మందగిస్తే, దానికీ తలుపు తొట్టి నురుగే వేసింది. అదీ అంతే.

"ఒరేయ్, తొట్టి మీద తుమ్మావా?"

"నేను తుమ్మితే తొట్లు పక్కూళ్ళో పడతాయి అత్తా!"

అత్త నవ్వలేదు. తలుపు దగ్గరది కాక ఇక మిగిలింది మూల తొట్టి ఒక్కటే.

అత్త కూతురు, నా మరదలు, పాల ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుంది. మూల తొట్టి నుంచి, తలుపు తొట్టి నుంచి చుక్కలు పట్టుకెళ్ళింది. మర్నాడు గాజు పళ్ళెంతో వచ్చింది. నీలిరంగు కలిపిన జెల్లీ నిండా మూల తొట్టిలోని మన ఈస్టు తెల్లగా పెరిగింది. మధ్యలో వేసిన తలుపు తొట్టి చుక్క చుట్టూ మాత్రం ఖాళీ వలయం. దాని అంచున చచ్చిన కణాలు ఆ రంగు పీల్చి నీలంగా ఉన్నాయి.

"తలుపు తొట్టిలోది మనది కాదు, పండు తొక్క మీద నుంచి వచ్చిన వేరే ఈస్టు. విషం వదులుతుంది. ఆ విషం మన ఈస్టు గోడకు అతుక్కుని, లోపలి పొరకు చిల్లులు పెడుతుంది. సారమంతా కారిపోయి చస్తుంది."

"మరి ఆ విషం వదిలేది చావదేం?" అన్నాను.

"తన విషం తనకెక్కదు బావా. నీ కోతలు నువ్వే నమ్మనట్టు."

"అంటే మందని నేనే విషం పోశాను," అంది అత్త.

"అమ్మా, నిన్న నేను వెళ్ళాక మూల తొట్టిలో ఆ గరిటె పెట్టావా?"

అత్త గరిటె వైపు చూసింది. "గుర్తు లేదే."

కొత్త జాడీ మరగకాచి, మూల తొట్టి నురుగు కాస్త తీసి, తాజా రసంలో కలిపారు. సాయంత్రానికి జాడీ పొంగింది. జీవితమంతా పొంగు చూసి మురిసిన మనిషి, ఆ నురుగు చూసి వెనక్కి జరిగింది. "ఇది మనదేనా? ఆ దొంగదా?"

మరదలు జాడీ చుక్కను మన ఈస్టు అప్పుడే పరిచిన ఇంకో పళ్ళెంలో వేసి తీసుకెళ్ళింది. పొద్దున్నే ఫోన్ చేసింది.

"వలయం లేదమ్మా. మనదే."

అత్త ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. "సరిగ్గా చూశావా? వెలుతురులో పెట్టి మళ్ళీ చూడవే తల్లీ."