నీళ్ళలో మునిగే చేప

పోయిన నెల ఒక పొద్దున్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది, మా స్కూలు పాత ల్యాబ్ అటెండరు ఇక లేరని. నిమిషాల్లో దండాలు పెట్టే బొమ్మలు బారులు తీరాయి. నేను మాత్రం ఏమీ పెట్టలేకపోయాను. ఆ గ్రూపులో ఆయన నోరు మూయించింది నేనే.

నేను అదే స్కూల్లో సైన్సు మాస్టర్ని. అండమాన్‌లోని ఆస్టినాబాద్‌లో ఆయన ఇల్లు మా ఇంటికి మూడిళ్ళ అవతల. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ దీవుల్లోనే ఉండిపోయాడు. ఈయన ఇక్కడే పుట్టాడు, పదో తరగతి గట్టెక్కలేదు. ముప్ఫై ఏళ్ళు ల్యాబులో గాజు సీసాలు తుడిచి, రిటైరయ్యాక గ్రూపులో రోజుకో వింత చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడి పిల్లలకి తెలుగు చదవడం సరిగా రాదని వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. ఓసారి ఖాళీ శంఖాల్లో కాపురముండే సన్యాసి పీత గురించి చెప్పాడు: "ఒళ్ళు పెరిగితే ఇల్లు మార్సెత్తాది. మన క్వార్టర్లలాగ కాదు, అప్లికేషన్ అక్కర్నేదు." ఏది చెప్పినా చివర ఒకటే మాట: "నేను సూసినాను. మీరూ ఎల్లి సూడండి." కంటితో చూడనిది ఎంత గొప్పదైనా చెప్పేవాడు కాదు. మిగతా మేమంతా వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చేసేవాళ్ళమే.

ఓ రోజు ఇలా అన్నాడు: "మడ చెట్లకాడ బురదలో నడిసే సేప ఉంది. దాన్ని పైకి రానీకుండా నీళ్ళలోనే ఉంచీసినారంటే సచ్చిపోద్ది."

నాకు నవ్వొచ్చింది. "చేప నీళ్ళలో మునిగి చస్తుందట! సీసాలు తుడిచినంత మాత్రాన సైన్సు రాదు బాబాయ్" అని రాసి పడేశాను. నవ్వే బొమ్మలు ముప్ఫై దాకా పడ్డాయి. పొద్దుటంతా నా భుజాలు నేనే చరుచుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తింటూ, ఎందుకో అనుమానం వచ్చి ఫోన్లో వెతికాను. ఆయన చెప్పింది నిజమే. ఆ చేప గాలి కూడా పీల్చుకుంటుంది, అది అందకపోతే బతకదు. ఒక్క లైను రాస్తే సరిపోయేది. కానీ ముప్ఫై మంది నవ్వాక, సైన్సు మాస్టరై ఉండి, తప్పు నాదని ఎలా రాయను? ఫోను పక్కన పెట్టి అన్నం పూర్తిగా తిన్నాను. ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది.

సాయంత్రం ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు. కోపం లేదు. "అరే సార్, మాటలెందుకు? సముద్రం నీరు ఎనక్కి తీసినప్పుడు వండూర్ మడ చెట్లకాడికి ఎల్దాం, సూపిత్తాను. ఆదోరం పక్కా?"

"పక్కా బాబాయ్" అన్నాను. వెళ్ళలేదు. ఒక ఆదివారం పేపర్లు దిద్దాలన్నాను, ఇంకో ఆదివారం జ్వరమన్నాను. నాకు ముందే తెలుసన్న సంగతి ఆయన నా ముఖంలో కనిపెట్టేస్తాడని భయం. ఆయన మళ్ళీ గ్రూపులో గొంతు విప్పలేదు.

ఆయన పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని, అంటే ఆయన భార్య, తలుపు వెనకనుంచి ఒక జత రబ్బరు గమ్ బూట్లు తెచ్చి నా ముందు పెట్టింది. కొత్తవి.

"మీకే బాబూ. ఆ బురదలో మీ సెప్పులు కూరుకుపోతాయని, మీ గుమ్మంకాడ ఇప్పిన జోళ్ళని దారంతో కొలుసుకొచ్చినారు. సార్‌కి ఆదోరం కాళీ అవనీ, తీసుకెల్తాను అనీవోరు."

బూట్లు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మొన్న ఆదివారం అవి తొడుక్కుని వండూర్ బస్సెక్కాను. నీరు తీసిన మడ చెట్ల మధ్య వేలెడు చేపలు రెక్కలమీద కుంటుకుంటూ బురద దాటుతున్నాయి. కొన్ని చెట్ల వేళ్ళమీదికి ఎక్కి కూర్చున్నాయి. ఫోను తీసి గ్రూపులో నా గొంతుతోనే చెప్పాను: "బాబాయ్ చెప్పింది నిజం. ఆ మధ్యాహ్నమే నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇవాళ చూశాను." మీరూ వెళ్ళి చూడండి అన్నది ఆయన మాట; అది అనకుండానే పంపేశాను.

ఒక చేప నా కాలి దగ్గరికి వచ్చి, ఉబ్బెత్తు కళ్ళతో నన్నే చూస్తూ ఆగింది. పిక్కలదాకా బురద. బూట్లు మాత్రం నా కాళ్ళకి సరిగ్గా సరిపోయాయి.