పైకప్పు విన్న పెద్దాయన

తిరుపతిలో ఏ అద్దె ఇల్లు చూడబోయినా ముందు చీపురు కర్రతో స్లాబు తట్టి వింటాను. ఇంటివాళ్ళు వింతగా చూస్తారు. ఈ అలవాటు నాకు ఒక బస్సులో అంటింది.

కుప్పంలో ఎక్కిన ఆ పెద్దాయన నా పక్కన కూర్చునే ముందు చేతికర్ర ఎత్తి బస్సు పైకప్పును తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఎందుకని అడిగాను.

“బంగారు గనిలో పనిచేసినోణ్ణప్పా. లోపలికి దిగినాక మొదట పైరాయిని తట్టి వినేవాళ్ళం. గట్టిదైతే ఖంగుమంటాది. వదులుదైతే ఉత్త డబ్బా మాదిరి మోగతాది. అప్పుడు దాని కిందికి ఎవుర్నీ పోనీము.”

ఆ గని మూతపడి చాలా ఏళ్ళయింది. సరిహద్దు కొండల్లో దాని కాలనీ సగం ఖాళీ అని విన్నాను. ఇప్పుడు అక్కడేముందన్నాను.

“పిల్లోళ్ళు ఉండారు కదా. పాత ఆఫీసులో అంగన్‌వాడీ పెడతా ఉండారు. నేను పైకప్పు వింటేగానీ లోపలికి పంపేది లేదని తల్లులు పట్టుబట్టినారు.”

గని తవ్విపోసిన మట్టిదిబ్బలు దాటగానే ఆయన దిగాడు. రోడ్డు పక్కనే ఆ భవనం. వాకిట్లో తల్లులు బిడ్డల్ని చంకనెత్తుకుని నిలబడ్డారు. ఆయన ఒక్కడే లోపలికి పోయాడు. కండక్టరు విజిల్ నోటిదాకా తెచ్చి ఆగి, “ఇంజను ఆపన్నా” అన్నాడు డ్రైవరుతో.

నవ్వినవాళ్ళతో సహా అందరం కిటికీల వైపు ఒరిగాం. లోపల కర్ర మోత నెమ్మదిగా గోడ నుంచి గోడకు నడిచింది. ఒక మూల ఆగింది. మళ్ళీ మోగింది.

ఆయన బయటికొచ్చాడు. కర్ర గోడకు ఆనించి, ముందున్న తల్లి చంకలోని పిల్లను ఎత్తుకుని మళ్ళీ లోపలికి నడిచాడు.