పెదనాన్న పోయించిన మట్టి దిబ్బ

పెదనాన్న పోయిన కబురు నాకు అంగన్‌వాడీలో ఉండగా తెలిసింది. చాప మీద కూర్చుని పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. పెద్దమ్మ ఫోను చేసి, "మీ పెదనాన్న లేడు బిడ్డా. పొద్దున చాయ్ తాగి మంచం మీద ఒరిగిండు, మళ్ల లేవలే" అన్నది. ఆమె ఏడవలేదు. నేను వెంటనే లేవలేకపోయాను. చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు సన్నబడింది. తొడ నుంచి బూటు దాకా ఇనుప బద్దల క్యాలిపర్ ఉంటుంది. నేల మీద నుంచి లేవాలంటే కాలు బారజాపి, మోకాలికి రెండు పక్కలా ఉన్న రింగులను కిందికి నెట్టి, గోడ పట్టుకోవాలి. రింగులు దిగితే మోకాలు బిగుస్తుంది, కాలు నిలుస్తుంది. దిగకపోతే మనిషి కూలుతుంది. ఆ క్యాలిపర్ చేసింది పెదనాన్న. అంతకు ముందువీ ఆయన చేసినవే.

ఆయన మా నాన్నకు అన్న. వయసులో ఉండగా పట్నంలో క్యాలిపర్లు చేసే ఒక ధర్మసంస్థలో ఫిట్టరుగా పని నేర్చుకుని, ఏన్కూరు దగ్గరి మా ఊరికి తిరిగివచ్చాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఊళ్లో ఆయన్ని ఇనుపకాళ్లాయన అనేవాళ్లు. ఇటు పెనుబల్లి, సత్తుపల్లి వైపు నుంచి, అటు భద్రాచలం అడవి అంచు గూడేల నుంచి జనం వచ్చేవాళ్లు.

మనిషి వస్తే ముందు మొహం చూసేవాడు కాదు. చెప్పులు విడవమని, వాటిని తిరగేసి ఏ పక్క అరిగాయో చూసేవాడు. పెళ్లిళ్లలోనూ అంతే. భోజనాల బంతి దగ్గర వచ్చేపోయేవాళ్ల మోకాళ్లు చూస్తూ కూర్చుంటే పెద్దమ్మ మోచేత్తో పొడిచేది. "జర మొహాలు చూడు. జనం ఏమనుకుంటరు?" అనేది.

నడక చూస్తున్నారని తెలిస్తే ఎవరూ తమ నడక నడవరు, అనేది ఆయన మాట. అందుకని కొత్త క్యాలిపర్ తొడిగి నడిపించేటప్పుడు ఏదో ఒక తగువు పెట్టుకునేవాడు.

"ఈ యేడు మిర్చి పెట్టిండ్రా?"

"పెట్టినం గని పురుగు తగిలింది."

"మీ ఊరోళ్లకు మందు కొట్టుడు రాదు గద."

"మీ ఊరోళ్లకు వచ్చిందా? పోయిన యేడు పీకేసి పత్తి పెట్టింది ఎవరు?"

అవతలి మనిషికి కోపం వచ్చి విసవిసా నడిచేటప్పుడు ఈయన వెనక నుంచి చూసేవాడు. "ఆగాగు. మడిమ లోపలికి పోతాంది. ఇప్పు" అనేవాడు. తగువు అక్కడితో సరి.

ఆయన పని గురించి రాయాలంటే ముత్తమ్మ గురించి రాయాలి. ముత్తమ్మది వాగు అవతల కోయగూడెం. ఇంట్లో కోయ మాట, మాతో తెలుగు. నాకంటే కొంచెం పెద్దది. నాలాగే పోలియో. ఎడమ తొడలో బొత్తిగా బలం లేదు. క్యాలిపర్ లేకుండా నడిచేటప్పుడు మోకాలు కూలకుండా ఎడమ చేత్తో తొడను నొక్కి పట్టుకుని అడుగు వేసేది. పనికి ఆమెకు ఉన్నది ఒక్క చెయ్యే. పెదనాన్న నాకు చేసినట్టే ఆమెకూ రింగుల క్యాలిపర్ చేసి ఇచ్చాడు.

కొన్నాళ్లకు పెదనాన్న ఏదో పని మీద ఆ గూడెం వెళ్తే, అది ఆమె ఇంటి చూరుకు సొరబుర్ర పక్కన వేలాడుతూ కనిపించింది.

"ఏసుకుంటలేవా చెల్లె?"

"ఏసుకుంటే నిలబడ్త అన్నా. నిలబడి ఏం చెయ్యాలె? మిరపకాయ నిలబడి కోస్తరా? పొయ్యి కాడ నిలబడ్తరా?" అన్నది ముత్తమ్మ. ఆమె మొగుడు నవ్వుతూ, "దొడ్డికి పోతే ఎట్ల కూసోవాల్నో గది కూడ అడుగు" అన్నాడు.

పెదనాన్న నవ్వలేదట. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, "మనం ఇచ్చింది కాలు కాదు, కట్టె" అన్నాడని పెద్దమ్మ చెప్పింది.

ఆ మాటలో అబద్ధం లేదని నాకు తెలుసు. బస్సులో జనం మధ్య వంగి రింగులు ఎత్తడానికి చోటుండదు. కాలు దారిలోకి చాచుకుని కూర్చుంటాను. "కాలు లోపలికి తీసుకోమ్మా" అని కండక్టరు అనని రోజు లేదు.

రింగులు లేకుండా నిలిచే మోకాలు కోసం ఆయన చాలాకాలం తంటాలు పడ్డాడు. ఒకరోజు రెండు వెదురు బద్దలకు మేకు కొట్టి నాకు చూపించాడు. మోకాలి కీలును అసలు మోకాలి కంటే కాస్త వెనక్కి జరిపితే, నిలబడినప్పుడు ఒంటి బరువు కీలుకు ముందు పడుతుంది. కాలు దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. అడుగు ఎత్తగానే మడుచుకుంటుంది. గొంతుక్కూర్చోవచ్చు. నాకు చేసిపెట్టమన్నాను. "ముందు ముత్తమ్మకు" అన్నాడు.

అప్పటికే మా మండలానికి నెలకోసారి సర్కారు దవాఖానా నుంచి ఒక ఫిజియో మేడం వచ్చేది. ఆమె ఆ క్యాలిపర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "పని బాగుంది అన్నా. చదును మీద నిలుస్తది. దిగుడులో బరువు వెనక్కి పడ్తది, మోకాలు మడుచుకుంటది. ఈమెకు ఆపుకునే కండ లేదు. రింగులు ఉంచు" అన్నది.

"రింగులు పెడితే చూరుకు కడ్తది మేడం."

"కట్టుకోనీ. పడదు గద."

పెదనాన్న ఆ మాట వినలేదని చెప్పలేను. విన్నాడు కనుకనే ఆ క్యాలిపర్‌ను తన కాలికి కట్టుకుని వాగు ఒడ్డు దిగి, మళ్లీ ఎక్కి వచ్చాడు. కాలు బాగున్న మనిషి ఇనుప బద్దలు కట్టుకుని తిరుగుతుంటే హోటలు దగ్గర నవ్వారు. మోకాలు ఎక్కడా మడుచుకోలేదు. ఏం కాలేదని మేడంకు చెప్పి, ముత్తమ్మకు ఇచ్చేశాడు.

షెడ్డు ముందరి సిమెంటు మీద ఆమె కూర్చుంది, లేచింది. మళ్లీ కూర్చుంది, లేచింది. రెండు చేతులూ ముందుకు చాపి, ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. ఆ ఎండాకాలం ఊరందరితో పాటు బీడీలు చుట్టే తునికాకు సేకరణకు పోయింది. రెండు చేతులతో కోసింది.

వానలు మొదలయ్యాక కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వాగులోకి దిగుతుంటే మోకాలు మడుచుకుపోయింది. తొడ ఎముక విరిగింది.

పెదనాన్న దవాఖానాకు పోతే ముత్తమ్మ మామూలుగానే మాట్లాడింది. "ఒడ్డు జారుగుండె అన్నా" అన్నది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు. ఆమె మొగుడు మాత్రం క్యాలిపర్ తెచ్చి షెడ్డు గడప దగ్గర పెట్టాడు. "నువ్వు మంచోడివే అన్నా. మాకు తెల్వదా? గని వచ్చే యేడు ఆకు ఎవరు కోస్తరు?" అన్నాడు. పెదనాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అతను పోయాక నాతో అన్నాడు. "నా కాలికి కట్టి చూసుకున్న. నా తొడ ఆపింది, ఇనుము కాదు. మంచి కాలు అబద్ధమాడతది."

ఆ నెలలోనే ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తెప్పించి వాకిట్లో పోయించాడు. దానిని వాగు ఒడ్డంత వాలుగా కొట్టించాడు. అప్పటినుంచి క్యాలిపర్ తీసుకుపోయే ప్రతి మనిషీ ఆ దిబ్బ ఎక్కి దిగాల్సిందే. ఆడవాళ్లయితే నెత్తిన బిందె పెట్టుకుని దిగాలి. ఆయన కింద చేతులు చాపి నిలబడేవాడు. "రా" అంటేనే అడుగు వెయ్యాలి. రోజూ ఒకేచోట నిలబడేవాడు కనుక దిబ్బ కింద అక్కడ గడ్డి మొలిచేది కాదు.

కానీ తర్వాత ఆయన చేసినవన్నీ రింగులవే. వెనక కీలు ముట్టుకోలేదు. నా తొడలో కొంత బలం ఉంది, నాకు ఇవ్వొచ్చని ఫిజియో మేడమే చెప్పింది. తలూపేవాడు. నేను పోయినప్పుడల్లా పట్టీలు బిగించి పంపేవాడు.

"పడేది నేను గద పెదనాన్నా. నీకేంది?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"పడేదాక నువ్వు. పడ్డంక నేను" అన్నాడు.

అంతకు మించి వాదించలేదు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తన భయం కోసం మా అందరి మోకాళ్లూ బిగించాడని అనుకునేదాన్ని. దిబ్బ పోయించాక పడిపోయిన వాళ్లెవరూ లేరన్నది కూడా నిజమే. ఎందరు చూరుకు కట్టుకున్నారో మాత్రం తెలియదు.

పోయిన యేడు ముత్తమ్మ తనే వచ్చింది. ఎముక అతికింది కానీ కాలు కాస్త పొట్టిదైంది. మళ్లీ చేత్తో తొడ నొక్కుకునే నడక. వయసు మీదపడి నడుము కూడా వంగింది.

"అన్నా, నా మడిచే కాలు నాకియ్యి" అన్నది.

"ఇయ్యను చెల్లె."

"పడ్డది వాగు కాడ. చేన్ల పడలే, ఇంట్ల పడలే. వాగు కాడ బిగించు, చేన్ల ఇడువు. గంతే గద."

"నెత్తిన మోపు పెట్టుకుని వంగి రింగులెట్ల దించుతవ్?"

"గది నువ్వు చూడు. నేను చేస్తే నీ తాన ఎందుకొస్త?"

పెద్దమ్మ లోపల నుంచి నవ్వింది.  పెదనాన్న ఆమె చెప్పుల జత తిరగేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె వెళ్లాక డబ్బాలో నుంచి పాత వెదురు బద్దలు తీశాడు.

అప్పటికే ఆయనకు ఆయాసం. ఆకురాయితో కాసేపు రాకితే కాసేపు కూర్చునేవాడు. చివరకు చేసింది ఇది: వెనక కీలు అలాగే ఉంచి, దానికి రింగులు కూడా పెట్టాడు. రెండు రింగుల నుంచి ఒక నైలాను తాడు తొడ వెంట నడుము దాకా వస్తుంది. లాగి లంగా బొందుకున్న కొక్కేనికి తగిలిస్తే రింగులు పైనే ఉంటాయి, మోకాలు మడుచుకుంటుంది. దిగుడు వచ్చినప్పుడు ఆగి, కాలు నిటారుగా పెట్టి, కొక్కెం విడిస్తే రింగులు జారి మోకాలు బిగుస్తుంది. వంగే పని లేదు. ఒక చెయ్యి చాలు.

"తాడు తెగితే?" అని అడిగాను.

"తెగితే రింగులే పడ్తయి. తెగినా బిగవాలె గని ఊడొద్దు" అన్నాడు. చాలాకాలానికి ఆయన మొహంలో కొంచెం తేట కనిపించింది.

అయినా ముత్తమ్మకు కబురు పెట్టలేదు. ఎండలప్పుడు, దిబ్బ ఎండి ఉంది, తడిసినాక చూడాలన్నాడు. తడిసినాక, మరీ బురదగా ఉంది, కాస్త ఆరనీ అన్నాడు. ఆయాసమా, వానా, పాత భయమా, నేను చెప్పలేను. క్యాలిపర్ షెడ్డులో మేకుకు వేలాడుతుండగానే ఆయన పోయాడు.

దినాల రోజు ముత్తమ్మ వచ్చింది. అన్నం తిన్నాక షెడ్డు వైపు చూసి, "అయిందా?" అని అడిగింది. పెద్దమ్మ వెళ్లి మేకు నుంచి తీసుకొచ్చింది.  ఫిజియో మేడంకు ఫోను చేశాను. "వచ్చే వారం వస్త. అప్పటిదాక చదును మీద కూడా రింగులు ఎత్తనియ్యకండి" అన్నది. స్పీకరులో ముత్తమ్మ కూడా విన్నది.

"ఆ మేడం మంచిదే. అప్పుడూ మంచే చెప్పింది" అన్నది. అంటూనే పట్టీలు బిగించుకుంది.

పొద్దున వాన పడి ఆగింది. రింగులు దించుకుని, కాలు బిగించి, పక్కనుంచి ఆమె దిబ్బ ఎక్కింది. పైన ఆగింది. ఎందుకు ఆగిందో మాకు అర్థమైంది. కింద ఎవరూ "రా" అనలేదు. నేను పోయి గడ్డి మొలవని ఆ చోట నిలబడ్డాను. నా కాలికీ రింగులే, పడితే ఇద్దరం పడతాం. చేతులు మాత్రం చాపాను.  ఆమె నన్ను చూసి, "నువ్వు పక్కకు జరుగు టీచరమ్మా" అని తనంతట తనే దిగింది.

కింద చదును మీద తాడు లాగింది. లోపలి రింగు లేచింది. బయటిది సగంలో పట్టేసింది. పిడికిలితో ఒక దెబ్బ కొడితే అదీ లేచింది. కొక్కేనికి తగిలించి, అక్కడే గొంతుక్కూర్చుంది. లేచింది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"తాడు వేలెడు పొట్టిగైంది. కూసుంటే బొందు గుంజుతాంది. ఈ పక్క రింగు జర అరగదీయాలె" అన్నది మా ఇద్దరినీ చూస్తూ. పెద్దమ్మ అలవాటుగా షెడ్డు వైపు తల తిప్పింది. నేను వచ్చే వారం మేడం వచ్చేదాకా ఉంచిపొమ్మన్నాను. ఉంచలేదు.

రోడ్డు దాకా ఆమె వెనక వెళ్లాను. చదును మీద మోకాలు మడుస్తూ పోయింది. కల్వర్టు దగ్గర రోడ్డు వాగు వైపు దిగుతుంది. అక్కడ ఆగి, నిటారుగా నిలబడింది. ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయింది.