థియేటర్లో ‘ముట్టుకున్నా’ అనే మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆగస్టులో నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. పేరు ఎందుకులెండి. నందిగామలో చాలాకాలం చేసి అక్కడికి మారాను. సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించడం, థియేటర్లో శుభ్రత తప్పకుండా చూడడం నా బాధ్యత. ఆ రెండో విషయంలో సర్జన్ కూడా సిస్టర్ మాట వినాలి. పుస్తకాల్లో అలాగే ఉంటుంది.

మా దగ్గర ఒక మాట వాడుకలో ఉండేది: "ముట్టుకున్నా." మోచేతుల దాకా కడుక్కుని, గౌను, గ్లవ్స్ వేసుకున్నాక శుద్ధి చేయని వస్తువు దేన్ని తాకినా, తాకినవాళ్లే పైకి ఆ మాట చెప్పి వెనక్కి జరగాలి. గ్లవ్స్ మార్చుకుని మళ్లీ రావాలి. అందుకు తిట్టడాలు, ఎగతాళి ఉండవు. వీరులపాడులో మా అమ్మ కూలికి వెళ్లిన ఇళ్లలో "ముట్టుకోకు" అనిపించుకుంటూనే ముసలిదైపోయింది. అందుకే కాబోలు, ఎంత పెద్ద డాక్టరైనా తనంతట తాను "ముట్టుకున్నా" అని చెప్పుకోవాల్సిన ఈ పద్ధతంటే నాకు మహా ఇష్టం.

సింధూర మా సర్జన్ డాక్టరుగారి మేనకోడలు. కంచికచర్ల పిల్ల, విదేశంలో వైద్యం చదువుతోంది. అంతకుముందు ఏడాది సెలవులన్నీ మా థియేటర్లోనే గడిపింది. ఒకే ఆపరేషన్లో రెండుసార్లు "ముట్టుకున్నా సిస్టర్" అని చెప్పి, సిగ్గుపడకుండా వెళ్లి గ్లవ్స్ మార్చుకొచ్చింది. ఈ పిల్ల మంచి డాక్టరవుతుందని అప్పుడే అనుకున్నాను.

ఈసారి సెలవుల్లో స్నేహితులతో దేశాలు తిరిగి, చివర్లో మా దగ్గరకు వచ్చింది. గోళ్లకు రంగు, చేతిలో ఎప్పుడూ ఫోను, పదింటికి నిద్ర లేవడం. తిరిగి వెళ్లగానే అక్కడ థియేటర్ పరీక్ష ఉందట. పాత అలవాట్లలో పెట్టండి సిస్టర్, మీ చేతుల్లో పెడుతున్నా అన్నారు డాక్టరుగారు. పెట్టాను. గోళ్లు దగ్గరుండి కత్తిరించాను. రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర నిలబెట్టి, నీళ్లు వేళ్ల నుంచి మోచేతివైపే కారేలా చేతులు కడిగించాను. విసుక్కుంటూనే చేసింది. కొద్దిరోజుల్లో ఆ చేతులు మళ్లీ దారిన పడ్డాయి. నాకు గర్వంగానే ఉండేది.

ఒక ఉదయం చిల్లకల్లు నుంచి వచ్చిన పత్తి కూలీకి హెర్నియా ఆపరేషన్. లోపల మెష్ పెట్టాలి. అంటే పొత్తికడుపు గోడకు అతుకులా వేసే వల. అది పెట్టాక చీము పడితే మళ్లీ కోయాల్సిందే, అతని కూలి బతుకు అక్కడితో ఆగినట్టే. సింధూర సాయంగా నిలబడింది. కళ్లద్దాలు జారుతుంటే గ్లవ్ వేసుకున్న వేలితో పైకి నెట్టుకుంది. ఎదురుగా నిలబడి నేను చూశాను. తనే చెబుతుందని ఆగాను. చెప్పలేదు.

"ముట్టుకున్నావమ్మా, గ్లవ్స్ మార్చుకో," అన్నాను.

"లేదు సిస్టర్. ముట్టుకోలేదు."

డాక్టరుగారు తలెత్తలేదు. లేదంటోందిగా, మెష్ ఇవ్వండి అన్నారు. మార్చుకొచ్చేదాకా ఇవ్వనన్నాను. అంతవరకూ నన్ను మీరు అన్న మనిషి, "మా పిల్ల మాట కాదనడానికి నువ్వెవరు?" అన్నాడు. ట్రేలోంచి మెష్ తనే తీసుకున్నాడు. మత్తు డాక్టరు మానిటరు వైపే చూస్తూ ఉండిపోయాడు.

గాయం శుభ్రంగా మానింది. ఆ కూలీ నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. దేవుడి దయ, నాకు సంతోషమే. కానీ చీము పట్టలేదు కాబట్టి నేను చెప్పింది అబద్ధమని తేల్చేశారు. తర్వాతి వారం నన్ను ఓపీలో ఇంజెక్షన్ల గదికి మార్చారు. సిస్టర్‌కి వయసు పైబడింది, కళ్లు సరిగా కనపడట్లేదు అని అందరికీ చెప్పారు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను.

తిరుగు ప్రయాణానికి ముందు సింధూర అక్కడికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, "ఆ రోజు ముట్టుకున్నా సిస్టర్. మావయ్య ముందు చెప్పలేకపోయా," అంది. ఒళ్లు మండింది నాకు. ఆ మాటేదో మీ మావయ్యకే చెప్పు అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయింది. చెప్పలేదు. పరీక్ష పాసైందని తర్వాత ఆసుపత్రంతా స్వీట్లు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు.

తిరుగుళ్లలో పోయిన చేతి అలవాటును కుళాయి దగ్గర నిలబెట్టి మళ్లీ తెప్పించవచ్చు. తప్పు జరిగినచోటే నోరు తెరిచి చెప్పే అలవాటు పోతే తెప్పించడం నా వల్ల కాలేదు. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు ఆ అమ్మాయి ఎక్కడో ఆపరేషన్లు చేస్తోందట. పక్కన నిలబడే సిస్టర్ ఎవరో గాని, కళ్లు కాస్త తక్కువగా కనపడితే ఆవిడ ఉద్యోగానికే మంచిది.