రెండు దిక్కులా పడని గోల్

ఎప్పుడూ కలం పట్టనిదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలియక ఈ సాయంత్రం రాస్తున్నాను.

మా మరిది నర్సింహకు నలభై ఏళ్ళు నిండాయి. మోకాలు వాచినా ఫుట్‌బాల్ వదలడు. కప్పు గెలిచాకే మానేస్తానని నా ముందు ఒట్టు వేశాడు. ఈ రోజు ఫైనల్ కాబట్టి పొద్దున్నే చిక్కడపల్లిలో హనుమంతుడికి వడమాల మొక్కుకుని, నారాయణగూడకు ఆట చూడటానికి వెళ్ళాను.

మైదానం మధ్యలో నిలబడి పడుచువాళ్ళకు బంతి అందించేది మా మరిదే. "తాతా, జర కూసో!" అని జనం ఎగతాళి చేశారు. రెండు జట్లూ తమ గోల్ ముందు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. చివరిదాకా ఎవరూ ఒక్క గోల్ కూడా వేయలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ ఆడాలట.

కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, దేవునికి ఏమని మొక్కినవ్?"

"మన దిక్కు గోల్ పడొద్దని మొక్కిన."

"పడలే గద! మరి వాళ్ల దిక్కు పడాలని మొక్కొద్దా?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఆ మోకాలితోనే మళ్ళీ ఆడతాడు. ఈసారి అతని కాలితో ఒక్క గోల్ అడుగుతాను. దేవుణ్ణి గోల్ అడగడం తప్పంటారా? ఇది చదివే మీరే చెప్పండి. ఈ కాగితం దాచి ఉంచండి, మా మరిదికి మాత్రం చూపించకండి. ఆ గోల్ తన కాలిదే అనుకోనివ్వండి.