ఎస్తేరు మేడమ్ నడిచిన దారి

ఈ ఉదయం క్లాసురూములో అడుగు పెట్టగానే పెన్సిళ్లు చెక్కిన వాసన ముక్కుకు తగిలింది. ఆబిడ్స్‌లో రెండో అంతస్తు గది మాది. కొత్త బ్యాచ్ పిల్లలు కంప్యూటర్లకేసి ఆశగా చూస్తూ, నేను చెప్పానని పెన్సిళ్లు చెక్కుతున్నారు. మొదటి వారం కీబోర్డు ముట్టుకోవద్దన్నందుకు వాళ్లకు నా మీద కోపంగా ఉంది. నాకూ ఒకప్పుడు ఎస్తేరు మేడమ్ మీద ఇంతే కోపం వచ్చింది.

మేడమ్‌ది మెదక్. ఈ వీధిలోనే ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేనేమో గౌలిగూడలో తెలుగు మీడియం చదివి, ఇంగ్లీషంటే చెమటలు పట్టే పిల్లని. ఈ కోర్సులో గట్టెక్కకపోతే ఇక చదువు చాలించమని నాన్న ముందే తేల్చేశారు. ఊరంతా జావా, జావా అని కలవరిస్తున్న రోజుల్లో ఆవిడ బేసిక్ అనే పాత కంప్యూటర్ భాషతో మొదలుపెడతానన్నారు. "ఉద్యోగాలన్నీ జావాకేనట కదా మేడమ్" అన్నాను ధైర్యం చేసి.

"ఉంటయి బిడ్డా. గని ముందుగాల తప్పు చేస్తే బెదిరియ్యని భాష కావాలె. బెదిరినోళ్లు మళ్ల ఈ మెట్లెక్కరు" అన్నారు. ఆ బెదిరేది నేనేనని ఆవిడకు అప్పటికే తెలిసిపోయినట్టుంది.

ఆ బేసిక్ కూడా వారం తర్వాతే. అంతవరకు ఆవిడే మా కంప్యూటర్. కాగితం మీద రాసిచ్చింది చేసేవారు, రాయనిది చచ్చినా చేసేవారు కాదు. నా వంతు వచ్చినప్పుడు నాంపల్లి స్టేషనుకు దారి రాయమన్నారు. మెట్లు దిగు, రోడ్డెక్కు, స్టేషన్ వైపు నడువు అని రాసిచ్చాను. మోకాళ్ల నొప్పులతోనే కాగితం పట్టుకుని నిజంగా బయల్దేరారు. వెనకాల మేం నవ్వుకుంటూ నడిచాం. స్టేషన్ వచ్చింది, ఆవిడ ఆగలేదు. గేటు దాటి పబ్లిక్ గార్డెన్స్ వైపు కుంటుకుంటూ పోతూనే ఉన్నారు. నా నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

"మేడమ్, ఆగండి!" అంటూ పరుగెత్తాను.

"ఏడ రాసినవ్ ఆగుమని?" అని కాగితం నా ముందు పెట్టారు.

ఫుట్‌పాత్ మీదే కూర్చుని రాశాను: స్టేషన్ రాగానే ఆగు. "ఔ, ఇప్పుడైంది" అంటూ ఆవిడ నా పక్కనే కూలబడి మోకాళ్లు నొక్కుకున్నారు. అదే నా మొదటి ప్రోగ్రాం. అంతా తెలుగులోనే రాశాను.

నెల తిరక్కుండానే క్లాసులో ఇంకో కాగితం తిరిగింది. ఇంగ్లీషులో ఉంది. అందరూ పెడుతున్నారని నేనూ సంతకం పెట్టేశాను. వెంటనే జావా చెప్పాలి, లేదంటే టీచర్‌ను మార్చాలి అని అందులో ఉందట. మర్నాడు తెలిసింది. అప్పటికే యజమాని ఆవిడను రావద్దనేశాడు.

సంచీ సర్దుకుంటున్న మేడమ్ ముందు వెళ్లి నిలబడ్డాను.

"చదివే పెట్టినవా బిడ్డా?"

"లేదు మేడమ్."

సంచీ భుజానికి తగిలించుకున్నారు. తిట్టినా బాగుండేది. "ఇగ మీద చదివి పెట్టు. జర పైలం" అని మెట్లు దిగసాగారు, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనిస్తూ. నేను పై మెట్టు మీదే నిలబడిపోయాను. స్టేషన్ దగ్గర అంత గట్టిగా అరిచినదాన్ని, ఆ రోజు ఆగండి అనే మాట నోటికి రాలేదు.

కోర్సు గట్టెక్కాను. ఉద్యోగం వచ్చాక ఆవిడ కోసం మెదక్ దాకా వెళ్లి వెతికాను, దొరకలేదు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టను. ఇప్పుడు నేనే పాఠాలు చెబుతూ, పైథాన్ అనే తేలిక భాషతో మొదలుపెడుతున్నాను, అదీ పెన్సిల్ వారం అయ్యాకే. తల్లిదండ్రులు వచ్చి పోట్లాడినా ఆ వారం మాత్రం వదులుకోను.

ఇవాళ మధ్యాహ్నం ఒక అమ్మాయి చేత అదే దారి రాయించాను. ఆగమని తనూ రాయలేదు. కాగితం పట్టుకుని నడిచాను. స్టేషన్ దాటేశాను. ఎదురుగా కుంటుతూ వచ్చే ప్రతి పెద్దావిడ ముఖంలోకీ చూస్తూ నడుస్తున్నాను. "మేడమ్, ఆగండి!" అని ఆ పిల్ల వెనక నుంచి అరిచింది.

నాకు ఆగాలనిపించలేదు.