స్పోకు పుల్ల పడవ

సెల్‌ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో ఒక సదుపాయం ఉండేది. మనకి తెలియనిది ఏదున్నా, దారిన పోయే ఎవర్ని అడిగినా నిలబడి మరీ చెప్పేవారు. చెప్పేవాళ్ళకి అది తెలుసా లేదా అన్నది వేరే సంగతి, దాన్ని అడగడం మర్యాద కాదు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి (బడి కూడా పెద్దగా బెంగ పెట్టుకున్నట్టు కనపడలేదు) మా మావయ్య సైకిలు షాపులో చేరి అప్పటికి నాలుగేళ్ళు. పంక్చర్లు వేయడం, రిమ్ముల వంకర తీయడం, పెడళ్ళు బిగించడం, వచ్చినవాళ్ళ మీద జోకులు వేయడం నా విద్యలు. ఆఖరి విద్య వల్లే సగంమంది పక్కవీధి షాపుకి పోతున్నారని మావయ్య నమ్మకం.

నా చూపు మాత్రం రోడ్డుకి అవతల ఉన్న, ఇనుముని తిప్పి చెక్కే లేతు మిషను మీద ఉండేది. దాని యజమానిని ఊరంతా మైక్రో గారు అనేవారు, ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మైక్రోమీటరు ఉండేది కాబట్టి. టిఫిను కొట్లో అట్టు మందం కొలిచి, నిన్నటికన్నా పలచబడిందని నిరూపించి, ఇంకో అట్టు వేయించుకున్న మహానుభావుడు. ఆయన దగ్గర పనివాడు మానేశాడని తెలిసిన రోజే నేను చేతులు కట్టుకుని వెళ్ళి నిలబడ్డాను.

"సర్టిఫికెట్టేటైనా ఉందేటి?" అన్నారు.

"లేదండి. అదిచ్చేదాకా ఆళ్ళు నన్ను భరించలేకపోయారండి."

ఆయన నవ్వలేదు. "సర్టిఫికెట్టు నాకూ అక్కర్లేదు. తిన్నగా తిరిగేది ఏదైనా నీ సేత్తో సేసి తే. తిరిగితే సోమారం నుంచి లేతు మీద నిలబడు. తిరక్కపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

బుద్ధున్నవాడైతే ఒక చిన్న గాలిమర చేసుకుని బయటపడతాడు. నాకున్నది నోటి దురద. "పడవ సేసి మీ గేదెల తొట్టిలో ఈ సివర్నించి ఆ సివరికి నడిపిస్తానండి" అనేశాను. అంతవరకు నేను పడవని దగ్గర్నుంచి చూసింది క్యాలెండర్లోనే.

నూనె డబ్బా రేకుతో ఒళ్ళు, పాడైన టేపురికార్డరులోంచి మోటారు, పాత రేడియో ఏంటెన్నాలోంచి సన్నటి గొట్టం, రేకు ముక్కతో రెక్కలు, ఇవన్నీ రెండ్రోజుల్లో సిద్ధం. మిగిలింది ఒకటే: మోటారు నుంచి గొట్టంలోంచి దూరి నీళ్ళలోని రెక్కల్ని తిప్పే కడ్డీ. అది ఇసుమంత వంకరున్నా పడవంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆ జానెడు కడ్డీ కోసం నేను ఊరు మీద పడ్డాను, ఊరు నా మీద పడింది. పాలిటెక్నిక్కు చదువుతున్న మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నన్ను జాలిగా చూసి, "స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప ఇంకోటి వాడకు రా, తుప్పు పట్టదు" అన్నాడు. తనే యలమంచిలి నుంచి ఒకటి తెచ్చాడు కూడా. అది గొట్టంలో దూరలేదు. దూరేదాకా గొట్టాన్నే పెద్దది చేసుకోమన్నాడు. వెల్డింగు షాపువాడు వెల్డింగు రాడ్డు ఇచ్చాడు. పైపూత కొట్టేశాక అది నేను గట్టిగా చూస్తేనే వంగిపోయేలా ఉంది. గిన్నెల కొట్టాయన ఇత్తడి కడ్డీని మించింది లేదన్నాడు. (ఆయన దగ్గర ఉన్నవన్నీ ఇత్తడివే.) అదీ వంగింది. చివరికి మావయ్య గొడుగులోంచి ఒక పుల్ల లాగి చూశాను. అది పుల్ల కాదు, నిలువునా గాడి ఉన్న రేకు మడత. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది, గొడుగు సంగతి మావయ్యకి మొదటి వానకి తెలిసింది.

వంకర చూడ్డానికి కడ్డీని అద్దం మీద దొర్లించాలని మైక్రో గారు ఎవరికో చెప్తుంటే విన్నాను. మా వీధిలో పెద్ద అద్దం మిఠాయి కొట్లోనే ఉంది. వరసగా నాలుగు కడ్డీలు దాని మీద దొర్లించేసరికి కొట్టతను, "జిలేబీ కొంటావేటి, అద్దం గీసీసి పోతావేటి?" అన్నాడు. అక్కణ్ణించి వచ్చి షాపు ముందు దిగాలుగా కూర్చుని, చేతికందిన దాంతో వీపు గోక్కుంటున్నాను. మావయ్య కాసేపు చూశాడు.

"ఊరంతా తిరిగి ఏటి ఎతుకుతున్నావురా?"

"సన్నగా, గట్టిగా, తిన్నగా ఉండే కడ్డీ మావయ్యా."

"మరి నువ్వు ఈపు గోక్కుంతన్నది ఏటిరా?"

కొత్త స్పోకు. నాలుగేళ్ళుగా రోజుకి ఇన్నని నా చేతుల మీదుగా పోతున్న స్పోకు. ఒక కొనకి నట్టు ఎక్కే మర కూడా కంపెనీవాళ్ళే కోసి ఇచ్చారు, దానికి బిగించడానికి నిప్పిలు అనే బుల్లి నట్టు కూడా ఇచ్చారు. ఆ నిప్పిలుకి రెక్కలు అతికి, స్పోకు కొనకి బిగించి, రెండో కొన వంపు కత్తిరించి, మోటారుకి వాల్ ట్యూబు రబ్బరు ముక్కతో కలిపాను. ఇవన్నీ బిగించకముందే అద్దం మీద దొర్లించి చూస్తే చుక్క వణుకు లేదు. (ఈసారి జిలేబీ కొనే దొర్లించాను.)

ఆదివారం పొద్దున్న మైక్రో గారి పెరట్లో తొట్టి చుట్టూ మైక్రో గారు, మావయ్య, బావ, రెండు గేదెలు. స్విచ్చి వేశాను. పడవ జానెడు దూరం దర్జాగా వెళ్ళి ఆగిపోయింది. మోటారు మాత్రం గీ అని అరుస్తూనే ఉంది. నీళ్ళలోకి చూస్తే రెక్కలు అడుగున పడున్నాయి. తీసి, పట్టకారుతో బిగించి మళ్ళీ వదిలాను. మళ్ళీ జానెడు, మళ్ళీ అడుక్కి.

"ఊడిపోనాది" అన్నాడు మావయ్య, మాకెవరికీ కనపడనట్టు.

"స్పోకు వాడితే ఇంతే. స్టెయిన్‌లెస్ అన్నాను" అన్నాడు బావ.

మైక్రో గారు లోపలికి వెళ్ళబోయారు. ఆ గుమ్మం నాకు మూసుకుపోతున్న చప్పుడు వినపడినట్టే అయింది. గోడకి ఆనించిన ఆయన సైకిలు వంక చూశాను. నెల కిందట దానికి నేనే పెడలు మార్చాను.

"ఎడం పెడలండీ" అన్నాను.

ఆయన ఆగారు. "దానికేటయ్యింది?"

"దానికేటీ కాలేదండి, నాకే బుద్ధి లేదు. ఎడం పెడలుకి మర తిరగేసి ఉంటాది కదండీ, లేపోతే తొక్కేకొద్దీ ఊడిపోద్దని. నా మోటారు కూడా మర ఇప్పే వైపే తిరుగుతంది."

మోటారు రెండోవైపు తిరిగేలా బ్యాటరీ తీగలు అటువి ఇటు, ఇటువి అటు మార్చి స్విచ్చి వేశాను. రెక్కలు ఊడలేదు. తిరిగేకొద్దీ ఇంకా బిగిసాయి. పడవ తొట్టి ఈ చివర్నించి ఆ చివరికి, ఒక్క వణుకు లేకుండా, వెనక్కి నడిచింది. అటువైపున్న గేదె దాన్ని నాకి చూసి వదిలేసింది.

"ఎనక్కెల్తందేటిరా?" అన్నాడు మావయ్య.

"పెద్దోళ్ళ ముందు ఈపు సూపించకూడదని, మావయ్యా."

మైక్రో గారు వంగి పడవ తీసి, మైక్రోమీటరుతో స్పోకుని మూడు చోట్ల కొలిచారు. తర్వాత రెక్కల్ని బొటనవేలితో నొక్కి చూపించి, "ఈటిని ఇటు కాకుండా అటు మెలిపెడితే ముందుకే ఎల్లును కదరా" అన్నారు. పడవ నా చేతిలో పెట్టి, "సోమారం బేగి రా. జోకులు ఇంటికాడ ఒదిలీసి రా" అన్నారు. మొదటిది చేశాను.

ఇప్పుడు రావికమతం రోడ్డులో నాకే ఒక లేతు ఉంది, జేబులో మైక్రోమీటరూ ఉంది. ఈనాటికీ మర కోసేముందు ఎడమకాలితో గాల్లో ఒకసారి పెడలు తొక్కి చూసుకుంటాను. చూసినవాళ్ళు తిమ్మిరి అనుకుంటారు. పడవ బీరువా మీద ఉంది. రెక్కలు అటు మెలిపెడదామని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. మొన్న దింపి విప్పబోతే నిప్పిలు కదల్లేదు. తుప్పు పట్టి స్పోకుతో ఒకటైపోయింది. ఆ ఆదివారం ఒక్క నిమిషం ఊడకుండా ఉంటే చాలని నేను దండాలు పెట్టిన రెక్కలు ఇప్పుడు పట్టకారు వేసినా రావు. నూనె చుక్క వేసి చూద్దామని డబ్బా తీశాను గానీ, మళ్ళీ మూత పెట్టేసి, పడవని ఆవేళ నడిచినట్టే వెనక భాగం ముందుకి వచ్చేలా తిప్పి ఉన్నచోటే పెట్టేశాను.